చిక్కుడు పాదు మీద జర్మనీ పాట

ఆ రోజుల్లో మా తోటలో ఎవరూ ఏదీ పారేసేవారు కారు. దొరల బంగళాలో చెత్తబుట్టకెక్కిన వస్తువు పొద్దుగూకేసరికి మా కూలీల లైను ఇళ్లలో ఇంకో పేరుతో బతుకుతూ కనిపించేది. పాలపొడి డబ్బా నీళ్ల చెంబయ్యేది, ఎరువు సంచీ పసిపిల్ల పక్కయ్యేది, చిరిగిన గొడుగు గుడ్డ ఎవరి సైకిలు సీటుకో తొడుగయ్యేది. ఇప్పటివాళ్లు బాగున్న వస్తువును కూడా పారేసి కొత్తది తెచ్చుకుంటున్నారు. నాకు ఒళ్లు మండుతుంది. ఈ మాట అన్నప్పుడల్లా మా మనవరాలు "చాలు లా, అమ్మమ్మా" అంటుంది (ఇక్కడ మా అందరి మాటకీ ఆ "లా" తోక ఉంటుంది). చాలదు. ఆ పారేయని బుద్ధి వల్లే నా పెళ్లి జరిగింది. జర్మనీలో చచ్చిపోయిన ఒక పాటల జట్టు లేచి కూర్చున్నది కూడా దానివల్లే. రెండోది మీరు నమ్మకపోయినా నాకు నష్టం లేదు. మొదటిది మాత్రం నమ్మాలి, ఎందుకంటే దానికి సాక్ష్యం ఇక్కడే బంటింగ్‌లో మా ముందుగదిలో కుర్చీలో కూర్చుని కునికిపాట్లు పడుతోంది.

నేను పుట్టిన తోట ఈ మలాయి దేశంలోనే, తెలుక్ ఇంటాన్ దాటి నది దిగువకి వెళ్తే వచ్చేది (అప్పుడు ఆ ఊరిని తెలుక్ ఆన్సన్ అనేవాళ్లం, నా నోరు ఇప్పటికీ అటే పోతుంది). రబ్బరు చెట్లు కొట్టేసి పామాయిలు చెట్లు వేసిన కాలం. గెలలు పండుతున్నాయి గానీ వాటిని ఉడకేసి నూనె తీసే మిల్లు మాకు లేదు, లారీల మీద పక్క తోటకి పోయేవి. చివరికి మాకూ ఒక మిల్లు కట్టారు. దానికి బాయిలర్ బిగించి, ఆవిరి పట్టించి, మావాళ్లకు పని నేర్పించి పోవడానికి జర్మనీ నుంచి ఒక దొర వచ్చాడు. పొడుగ్గా, పాలిపోయి, నవ్వడానికి లెక్క చెప్పాల్సి వస్తుందేమో అన్నట్టుండేవాడు. మేమంతా బాయిలర్ దొర అన్నాం. అతని బంగళాలో వంట నాది. అతనికి వచ్చిన మలాయి, నాకు వచ్చిన మలాయి కలిపితే ఒక మనిషికి సరిపడా మలాయి అయ్యేది. దానితోనే నెట్టుకొచ్చాం.

ఇక నా సంగతి. మేనత్త కొడుకు, మా బావ, ఆ బాయిలర్ దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లలో ఒకడు. పని ఇంకా ఖాయం కాలేదు. మిల్లు నడిస్తేనే ఖాయం. మా నాన్న ఒకటే మాట చెప్పేశాడు: మిల్లు ఆవిరి పట్టిన రోజు నా పెళ్లికి ముహూర్తం పెడతాడు, పట్టకపోతే బాగాన్ డాటో కొబ్బరితోట మండోర్, అంటే మేస్త్రీ గారి కొడుక్కి ఇస్తాడు. ఆ కుర్రాడికి మోటారు సైకిలు ఉంది. అంతకుమించి అతని గురించి ఎవరూ ఏమీ చెప్పలేకపోయారు. మా మామ్మ మాత్రం (నాన్నకి అమ్మ, బావకి అమ్మమ్మ) ఇద్దరం తనవాళ్లమే కాబట్టి, రోజూ పొద్దున్నే దండం పెట్టుకునేటప్పుడు దేవుడితో పాటు బాయిలర్‌ని కూడా తలుచుకునేది.

బాయిలర్ దొర మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడల్లా గ్రామఫోను మీద ఒక ప్లేటు పెట్టేవాడు. ఒక్కటే పాట, ఆ పక్కంతా అదే. మొదట గాలి వీచినట్టు ఉండేది, తర్వాత ఎత్తు ఎక్కలేని లారీలాగ ఒక ఆర్గన్ మూలిగేది, డ్రమ్ము దాన్ని వెనకనుంచి తోసేది. ఒక్క మాట కూడా ఉండదు. పాట మొదలైనప్పుడు ఎసట్లో బియ్యం పోస్తే, పాట అయ్యేసరికి గంజి వార్చుకోవచ్చు. నాకు ఆ పాటతో అంతవరకే పని. ఒకరోజు, పాడేవాడు ఎప్పుడొస్తాడని అడిగాను. రాడన్నాడు. మరి ఎవరిదీ పాట అంటే, వేలితో తన గుండె మీద తట్టుకున్నాడు. అలా మొదలైంది. ఆ తర్వాత రోజూ పాట నడుస్తుండగా ముక్కముక్కగా వాళ్ల జట్టు చరిత్రంతా నాకు చెప్పుకున్నాడు. వేరే ఎవరికి చెబుతాడు పాపం, మిగతా తోటంతా గెలలూ, గెలలు మోసే మనుషులూ.

నలుగురు కుర్రాళ్లట. ఏదో నది ఒడ్డున ఊరు. నాన్నలు చదివించిన చదువులు పక్కన పెట్టి, ఆవులు లేని ఒక ఆవులసాలలో చేరి వాయించడం మొదలుపెట్టారు. అమెరికా వాళ్ల పాట, ఇంగ్లీషు వాళ్ల పాట మేమెందుకు పాడాలి, మాకంటూ ఒకటి కావాలనుకున్నారట. అది ఎలా ఉండాలో తెలియక మాటలు తీసేశారు. మొదటి ప్లేటు వాళ్ల అమ్మలు తప్ప ఎవరూ కొనలేదు. రెండో ప్లేటులో పక్కకి ఒక్కో పాట. అప్పటినుంచి జనం రావడం మొదలైంది, వచ్చి నేల మీద కూర్చుని కళ్లు మూసుకునేవారట. నిద్రపోయేవారా అని అడిగాను. "కొందరు" అన్నాడు. నలుగురూ ఒకే ఇంట్లో ఉండి ఒకే కుండలో వండుకుని, వ్యానెక్కి దేశాలు తిరిగారు. వాళ్లలో పెద్ద లేడు, ప్రతి పాట మీదా నలుగురి పేర్లూ వేసేవారు. ఈ మాట మామ్మకు చెబితే, "పెద్దోడు నేని కొంపా, నిలబడినట్టే" అని ఆకు మీద సున్నం రాసుకుంది.

నిలబడలేదు. మూడో ప్లేటు దగ్గర, అంటే రోజూ మా బంగళాలో మోగే ఆ పాట దగ్గరే, తగువు వచ్చింది. పాట మధ్యలో వేణువు వాయించేవాడు సుదీర్ఘంగా ఒక్కడే వాయించాడు. మా దొరకి అది మరీ సాగిందనిపించింది. ఆ వేణువు అతను వాళ్ల అమ్మను చూడ్డానికి ఊరెళ్లినప్పుడు, మా దొర టేపు మీద ఆ ముక్కను బ్లేడుతో కోసేసి అటూ ఇటూ అతికించేశాడు. వేణువు అతను తిరిగొచ్చి విన్నాడు, వేణువు సంచీలో పెట్టుకుని వెళ్లిపోయాడు. మిగతా ఇద్దరూ చెరో పక్కకీ పోయారు. మా దొర చదివిన చదువు బాయిలర్లది కాబట్టి బాయిలర్ల దగ్గరకే వచ్చి పడ్డాడు. కోసిన టేపు ముక్కను మాత్రం ఒక బిస్కెట్ డబ్బాలో చుట్టిపెట్టి సముద్రం దాటించి తెచ్చుకున్నాడు. బీరువా మీద ఉండేది ఆ డబ్బా. నేను రోజూ దాని దుమ్ము తుడిచేదాన్ని. ఎందుకు తెచ్చావు అని అడిగితే, ఇవాళ కూర ఏమిటన్నాడు.

ఇలా ఉండగా, ఇంకొద్ది రోజుల్లో బాయిలర్‌కి నిప్పు పెడతారనగా, మా తోటలోకి ఒక టాక్సీ వచ్చింది. అందులోంచి భుజాల కిందకి జుట్టు, లుంగీ, మెళ్లో పూసలు ఉన్న ఒక తెల్లవాడు దిగాడు. జార్జ్ టౌన్ అవతల సముద్రపు ఒడ్డున అలాంటివాళ్లు చాలామంది ఉండేవారు ఆ కాలంలో, గుడిసెల్లో పడుకుని సూర్యుణ్ణి చూసేవారు. ఇతను వాళ్లలోంచి, మా దొర ఇక్కడున్నాడని ఎవరినో అడిగి తెలుసుకుని వచ్చాడు. చేతిలో వేణువు. ఎవరో మీకు చెప్పక్కర్లేదు, నాకూ ఎవరూ చెప్పలేదు, చూడగానే తెలిసింది. బాయిలర్ దొర కిటికీలోంచి చూసి తలుపు గడియ పెట్టాడు. గదిలో అటూ ఇటూ తిరిగి, బీరువా మీద డబ్బా తీసి, వంటింటి వెనక చెత్తబుట్టలో పడేసి, నాతో "సుదా హబిస్" అన్నాడు. అయిపోయింది అని. తర్వాత "బాలెక్" అన్నాడు. అంటే ఇంటికి పోతానని. జర్మనీ ఇంటికి.

ఆ తర్వాత అతను మిల్లు వైపు వెళ్లలేదు. వేణువు దొర అతని మెట్ల మీద కూర్చుని వాయిస్తూనే ఉన్నాడు, రాత్రి మా భజనమందిరం అరుగు మీద పడుకుని పొద్దున్నే మళ్లీ మెట్ల మీదకి వచ్చేవాడు. తోట మేనేజరు, మా పెద్దదొర, సెలవు మీద వాళ్ల దేశం వెళ్లి ఉన్నాడు. ఆఫీసు కిరాణి, అంటే మా తోట గుమాస్తా, ఇంగ్లీషు వచ్చినవాడు ఆయనొక్కడే, తలుపు తట్టి తట్టి వేళ్లు నొప్పెట్టి వెళ్లిపోయాడు. అక్కడ బాయిలరేమో తలుపులు ఊడదీసి నోరు తెరుచుకుని ఉండిపోయింది. మా బావ వచ్చి పెరట్లో నిలబడి తన చేతుల వంక చూసుకున్నాడు. మా నాన్న చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. ఆయన చొక్కా ఇస్త్రీ చేయించాడంటే బాగాన్ డాటో వెళ్తున్నాడన్నమాటే. నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను (ఉల్లిపాయలు కోస్తున్నానని అందరికీ చెప్పాను, ఆ రోజు కూరలో ఉల్లిపాయలు లేవు).

శనివారం వచ్చింది. మా తోటలో శనివారం సాయంత్రం రామభజన. దానికి ఒక కట్టు ఉంది, మా ముత్తాతలు విశాఖ వైపునుంచి ఓడ ఎక్కినప్పుడు మూటలో కట్టి తెచ్చినది. తోటలో ఎవరింట్లోనైనా తగువుంటే, అది తెగేదాకా భజన ఎత్తకూడదు. తగువు పడ్డవాళ్ల ఇంట పొయ్యి వెలిగించకూడదు. తెగాక ఇద్దరూ అందరి ముందూ ఒకే ఆకులో తినాలి, అప్పుడే తాళం మోగుతుంది. భజన నడిపే పెద్దాయన, అందరం భజన తాత అనేవాళ్లం, తాళాలు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఎత్తడం లేదు. వాళ్లు మనవాళ్లు కారు కదా తాతా, జర్మనీవాళ్లు, వాళ్ల తగువుతో మనకేమిటి పని అని ఎవరో అన్నారు.

"ఆళ్లు తాగేది ఏ టాంకీ నీళ్లురా?" అన్నాడు తాత.

మనదే అన్నారు.

"మరి ఏటి అడగతావు."

ఇంక తిరుగులేదు. నేను బంగళాకి వెళ్లి దొర పొయ్యి ఆర్పేశాను. ఉడుకుతున్న కోడికూర అలాగే మూత పెట్టేశాను. మా కట్టు ఇది, నువ్వొచ్చి ఆ మనిషి పక్కన చాప మీద కూర్చుంటే తప్ప ఈ తోటలో నీకు అన్నం లేదని చెప్పాను. నా ఉద్యోగం ఊడుతుందని తెలుసు. పెళ్లే ఊడుతుంటే ఉద్యోగం ఎవరికి కావాలి. అతను నన్ను చూశాడు, కోడికూర గిన్నె చూశాడు, చెప్పులు తొడుక్కున్నాడు.

మందిరం ముందు చాప వేశారు. ఇద్దరూ వీపులు ఆనేలా చెరోవైపు తిరిగి కూర్చున్నారు. లైను లైనంతా చుట్టూ చేరింది. ఒకవైపు నేను, బాయిలర్ దొర మలాయిని తెలుగు చేయడానికి. ఇంకోవైపు కిరాణి, వేణువు దొర ఇంగ్లీషును తెలుగు చేయడానికి. మీలో పెద్ద ఎవరని తాత మొదట అడిగాడు. ఇద్దరూ ఒకే ఏడు పుట్టినవాళ్లే. సరే, పాట ముందు ఎత్తుకునేది ఎవరని అడిగాడు. ఎవరూ ఎత్తుకోరు, ఎవరికి తోచింది వాళ్లు మొదలుపెడతారన్నారు. తాత ముఖం చూడాలి మీరు. పుట్టి బుద్ధెరిగిన దగ్గరనుంచి ఆయన పాట ఎత్తుకుంటే వెనక వందమంది అందుకున్నారు. తర్వాత అసలు గోల ఏమిటో చెప్పమన్నాడు. వేణువు దొర చెప్పింది కిరాణి తెలుగు చేశాడు. కోసినందుకు కాదు బాధ, మా అమ్మకి ఒంట్లో బాగాలేదని వెళ్లాను, నేను వచ్చేదాకా ఆగలేదు, అడగలేదు, అదీ. నేను మలాయిలో ఇటు చెప్పాను. బాయిలర్ దొర నేల చూస్తూ, అడిగితే వద్దనేవాడు అన్నాడు. అటు చెప్పాం. అవును, వద్దనేవాణ్ణే అని వచ్చింది జవాబు. ఆడవాళ్లు నవ్వారు. మామ్మ మాత్రం నవ్వలేదు, ఆకు నములుతూ నా వంకే చూస్తోంది, నీ పెళ్లి నీ నోట్లో ఉంది, సరిగ్గా తర్జుమా చెయ్యి అన్నట్టు.

తాత తీర్పు చెప్పాడు. "కోసినోడు కోసిన ముక్క తిరిగి ఇచ్చేయాల. అతికించుకుంటాడో, ఆరేసుకుంటాడో, అది ఊదినోడి ఇష్టం. ఇంక ఎవుళూ మాటాడకండి."

నేను ఆ మాట చెప్పేసరికి బాయిలర్ దొర ముఖంలో ఉన్న కాస్త రక్తమూ దిగిపోయింది. ఆ ముక్క నా దగ్గరే ఉండేది, ఇక్కడిదాకా తెచ్చాను, నువ్వొచ్చిన రోజు పారేశాను అన్నాడు. నాతో మలాయిలో మొదలుపెట్టి మధ్యలో వాళ్ల భాషలోకి వెళ్లిపోయాడు, ఇంక మా ఇద్దరితో పని లేకుండా వేణువు దొరకి నేరుగా తగిలింది. అతను చాప మీద అప్పుడే మొదటిసారి ఇటు తిరిగాడు. అతను ఇన్నాళ్లూ దాన్ని ఆ రోజే కాల్చేశారనుకున్నాడట. ఇంతదూరం మోసుకొచ్చావా అన్నాడని, ఆ మాట మాత్రం కిరాణి వాళ్ల భాష రాకపోయినా తెలుగు చేశాడు. ఎవరికైనా వస్తుంది ఆ మాట. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు, మధ్యలో ఇవ్వాల్సిన వస్తువు లేదు. తీర్పు ఇచ్చేశాక మార్చే అలవాటు మా తాతకి లేదు. చెత్తబుట్ట ఖాళీ అయి రోజులైంది. గుంపు వెనక మా నాన్న ఇస్త్రీ చొక్కాలో కనిపించాడు.

అప్పుడు మామ్మ ఆకు ఉమ్మి నోరు తుడుచుకుంది.

"ఒలే గుంటా, ఆ మెరుపు నాడాయేనేటి ఈళ్లు ఎతుకుతున్నది? అది నా సిక్కుడు పాదు మీదుంది లా."

కోళ్లకి వంటింటి తుక్కు ఏరుకోవడానికి ఆవిడ రోజూ బంగళా వెనక్కి వచ్చేది కదా. డబ్బా చూసింది, తెరిచింది, గోధుమరంగులో మెరిసే నాడా చుట్ట చూసింది. చిక్కుడు పూత మీద పిట్టలు పడి చంపుకుతింటున్నాయి. నాడాని పందిరి చుట్టూ, కొయ్యకీ కొయ్యకీ మధ్య, మిరప మొక్కల మీదుగా, జామచెట్టుకీ తిప్పి కట్టేసింది. డబ్బాలో వక్కలు పోసుకుంది.

తోటంతా మా పెరట్లోకి వచ్చింది. సాయంత్రపు ఎండలో నాడా తళతళలాడుతోంది, గాలికి సన్నగా గుంయ్‌మంటోంది. దొరలిద్దరూ గేటు దగ్గరే ఆగిపోయి చూస్తున్నారు. ముందు వేణువు దొర నవ్వాడు, లుంగీ జారిపోతే పట్టుకుని మరీ నవ్వాడు. తర్వాత బాయిలర్ దొర నవ్వాడు. అతని నవ్వు నేను చూడ్డం అదే మొదలు, ఆర్గన్ మూలుగుకంటే వినసొంపుగానే ఉంది. మా బావ నిచ్చెన వేసుకుని జామచెట్టెక్కి జాగ్రత్తగా విప్పుతుంటే, వేణువు దొర కింద నిలబడి బిస్కెట్ డబ్బాకి చుట్టుకుంటూ వచ్చాడు. నాడా మీద అక్కడక్కడా పిట్టలు రెట్టవేసి ఎండిపోయింది. వంటమనిషిని కదా, నా చెయ్యి ఊరుకోదు, పైట కొంగు తడిపి తుడవబోయాను. బాయిలర్ దొర నా చెయ్యి పట్టుకున్నంత పని చేసి "జంగన్" అన్నాడు. వద్దని. తుడిస్తే దాని మీదున్న పాట పోతుందట. సరే, మీ పాట మీ రెట్ట అని వదిలేశాను.

మామ్మ మాత్రం వదల్లేదు. నాడా పట్టుకుపోతే తన చిక్కుళ్లకి కాపలా ఎవరని పట్టుకుంది. చివరికి బాయిలర్ దొర మిల్లులో మిగిలిన రేకు ముక్కలు కోసి, గాలికి తిరిగి టకటకమనే పిట్టలబొమ్మ ఒకటి చేసిపెడతానని చెయ్యి మీద చెయ్యి వేశాక గాని గేటు తెరవలేదు.

ఇద్దరూ ఒకే అరిటాకులో తిన్నారు. నేను మూతపెట్టిన కోడికూర భజన అయ్యాకే వాళ్లకి దక్కింది, ఆకులో పప్పూ వంకాయా. తాత తాళం కొట్టాడు. వేణువు దొర వేణువు తీశాడు, బాయిలర్ దొరకి హార్మోనియం ఇచ్చారు. తాత ఎత్తుకున్నది ఒకటి, వాళ్లు వెళ్లింది ఒకటి. తాత కాసేపు కోపంగా చూసి, తర్వాత కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో నాకు తెలియదు, దొర చెప్పిన ఆ "కొందరు"లో ఆయనా చేరాడేమో.

సోమవారం పొద్దున్న బాయిలర్ దొర మిల్లుకి వెళ్లాడు. ఆ వారంలోనే ఆవిరి పట్టింది. మిల్లు మొదటిసారి కూత వేసినప్పుడు నేను బంగళాలో బియ్యం కడుగుతున్నాను, ఆ కూత విని అలాగే నేల మీద చతికిలబడ్డాను. మా నాన్న ఇస్త్రీ చొక్కా వృథా పోనివ్వలేదు, అదే తొడుక్కుని ముహూర్తం పెట్టించడానికి వెళ్లాడు. బాగాన్ డాటో కుర్రాడు వేరే చోట చేసుకుని సుఖపడ్డాడు, ఆ మోటారు సైకిలు కూడా చాలాకాలం నడిచింది.

నేను అక్షరాలు నేర్చుకున్నది అరవై దాటాక, మనవల వయసు పిల్లల పక్కన కూర్చుని. ఈమధ్య మా మనవరాలు ఫోనులో ఆ జట్టు చరిత్ర ఎవరో రాసిపెట్టింది వెతికి తీసి, ఫోనుచేతే తెలుగు చేయించి ఇచ్చింది. వేలు పెట్టి మొదటినుంచీ చదివాను. ఆవులసాల ఉంది. నాలుగు పేర్లున్నాయి. తగువుంది. తర్వాత జట్టు మళ్లీ కలిసిందని ఉంది, ఎందుకు కలిసిందో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదట. కోసేసిన వేణువు ముక్కని అతికించి ఆ పాటని కొత్తగా వదిలారట. ఆ ముక్కలో వేణువు అక్కడక్కడా మునిగి తేలుతుందట, టేపు ఎక్కడ, ఎలాంటి చోట దాచారో తెలియదట, దాని మీద చదువుకున్నవాళ్లు చాలా రాశారట. కొన్నేళ్లకి మళ్లీ విడిపోయారు, ముసలితనంలో మళ్లీ కలిశారు. ఏడాదికోసారి వచ్చి ఒకే ఆకులో తినిపొమ్మని తాత చెప్పి పంపాడు, రాలేదు. వస్తే ఆ మధ్యలో విడిపోవడం జరిగేది కాదు.

పాట పెట్టమన్నాను. మా ఆయనకి మిల్లు మోతలో చెవులు పోయాయి, ఫోను చెవికి ఆనించి పట్టుకున్నాడు. గాలి వీచింది, లారీ ఎత్తు ఎక్కింది, వేణువు వచ్చింది. ఉన్నట్టుండి మునిగింది, తేలింది. ఆయన కళ్లు తెరిచి, "ఇది జామిసెట్టు కాడదే" అన్నాడు.

మనవరాలికి మొత్తం చెప్పాం. ఆ రాసినవాళ్లకి నిజం తెలియజేస్తాను అమ్మమ్మా, ఒక్క నిమిషం పని అంది. వద్దన్నాను. అది పిట్ట రెట్టని తెలిస్తే శుభ్రం చేసేస్తారు, ఇప్పుడు అన్నిటికీ మిషన్లున్నాయి. (మీకు చెప్పాను, మీరు కూడా మీలోనే ఉంచుకోండి.) తడి కొంగు పట్టుకుని అంతా తుడిచేయడానికి వంగిన ఆనాటి వంటపిల్ల, ఇన్నేళ్లకి "జంగన్" అనడం నేర్చుకుంది.